అమరులకు సంజాయిషీ నోటీసు

మా రేగుమానుపల్లెలో యుద్ధానికి పోయి చనిపోయినవాళ్ళు ఒక్కరోజు కూడా హాజరు తప్పరు. ఈ మాట ఇప్పుడు గొప్ప కోసం చెప్పడం లేదు. ఒకసారి గొప్ప కోసం చెప్పి అనుభవించాను కాబట్టి ఈసారి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మాది మెట్ట పల్లె. వానను నమ్ముకుని బాగుపడినవాడు మా ఊళ్ళో లేడు. అందుకని ముత్తాతల కాలం నుంచీ ఇంటికొక మగవాడు పటాలానికి పోతూ వచ్చాడు. తెల్లదొరల హయాంలో బస్రాకు పోయారు, బర్మాకు పోయారు. తర్వాత మన జెండా కింద మంచుకొండలకూ తూర్పు సరిహద్దుకూ పోయారు. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. రెండో పెద్ద యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఊరి నడిమధ్య నాపరాళ్ళతో ఒక హాలు కట్టి, లోపలి గోడకు నల్లరాతి పలకలు బిగించి, యుద్ధానికి పోయిన ప్రతివాడి పేరూ చెక్కించారు. తర్వాత పోయినవాళ్ళ పేర్లు ఆ వరసలోనే చేర్చుకుంటూ వచ్చాం. బతికొచ్చినవాళ్ళ పేర్లు ఒకచోట, రానివాళ్ళవి ఒకచోట పెట్టలేదు. అట్లా విడదీస్తే రానివాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు ఆ గోడ వైపు తలెత్తి చూడలేరని అప్పటి పెద్దలు అనుకున్నారు. దాన్ని మేము జవాన్ల హాలు అంటాం.

రోజూ పొద్దువాలే వేళ అక్కడ హాజరు పిలుస్తారు. పిలిచేది సుబేదారు కాశింపీరా. రిటైరై ఎన్నేళ్ళయినా ఆయన గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పలక మీది పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. బతికున్నవాడు తన పేరుకు తానే "హాజర్" అంటాడు. చనిపోయినవాడి పేరు వస్తే ఆ ఇంటి మనిషి ఎవరో ఒకరు అంటారు, ఎక్కడున్నవాళ్ళు అక్కడి నుంచే. రొట్టెలు కాలుస్తున్న కోడలు కిటికీలోంచి పలుకుతుంది. పాలు పిండుతున్నవాడు బర్రె బెదరకుండా పలుకుతాడు. టౌను బస్సు దిగుతూ ఒకడు మెట్టు మీదనే వాళ్ళ తాతకు హాజరు చెప్పి, ఆ తర్వాత కండక్టరు దగ్గర చిల్లర తీసుకుంటాడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. మొదట్లో ఏ తల్లో కొడుకు పేరు వినబడగానే ఉండబట్టలేక పలికి ఉంటుంది. ఆమెను వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు, అంతే.

హాలు అరుగు మీద కూర్చుని పలికే మనిషి ఒకామె ఉంది. పేరు తిరుపాలమ్మ. ఆమె భర్త సిపాయి పాలంకయ్య పెళ్ళయిన ఏడాదిలోపే డెబ్భై ఒకటి యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. శవమూ రాలేదు. పిల్లల్లేరు. అటువైపు చుట్టాలూ మిగల్లేదు. ఆ ఇంటి తరఫున పలికే గొంతు అదొక్కటే. ఎవరినీ నొప్పించని మనిషి గాని, సుబేదారు ఎప్పుడైనా తొందరలో పాలంకయ్య పేరు మింగేస్తే మాత్రం హాలు పైకప్పు లేచిపోయేట్టు అరుస్తుంది.

ఇక నా సంగతి. పేరు గుర్రప్ప. పటాలంలో హవల్దారు క్లర్కుగా చేశాను. తుపాకీ పేల్చింది తక్కువ, కార్బన్ కాగితాలు నలిపింది ఎక్కువ. అందుకని హాలు కమిటీకి నన్ను కార్యదర్శిని చేశారు. నిరుడు వానకు హాలు పైకప్పు కారింది. మా ఊళ్ళో వాన పడడమే వింత, పడినదల్లా హాల్లోనే పడింది. మరమ్మతు కోసం స్మారక స్థలాల సమగ్ర వికాస మండలి అనే కొత్త సర్కారు సంస్థకు నేనే దరఖాస్తు పెట్టాను. అందులో ఒక గడి ఉంది: మీ సంస్థలో హాజరు విధానం కలదా? కలదేని సగటు శాతమెంత?

క్లర్కు చెయ్యి ఊరుకుంటుందా! "కలదు. నూటికి నూరు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి" అని రాసి, కింద గీత కూడా గీశాను.

పైకప్పు కోసం ఎదురుచూస్తుంటే జీపు వచ్చింది. అందులోంచి ప్రాంతీయ సమన్వయాధికారి చిదంబరేశ్వరరావు గారు దిగారు. వెనక మూడు కాళ్ళ స్టాండూ, దాని మీద బిగించే టాబ్లెట్టూ దిగాయి. ఆయన పుస్తకాల తెలుగు మాట్లాడతారు. దస్త్రంలో పుట్టి దస్త్రంలో పెరిగిన మనిషి అని చూడగానే తెలిసిపోయి, నాకు లోలోపల గౌరవం కలిగింది.

"నూటికి నూరు శాతమనునది అనుమానాస్పదము" అన్నారాయన కుర్చీలో కూర్చోకముందే. "మా ప్రధాన కార్యాలయమునందే సగము దాటదు. కావున విచారణ నిమిత్తము వచ్చితిమి."

ఆ సాయంత్రం హాజరు విన్నారు. వింటున్నంతసేపూ మెచ్చుకోలుగా తల ఊపారు. అయిపోగానే అడిగారు: "బస్రాలో దివంగతుడైన నాయక్ సంజన్న గారికి పలికిన మహిళ ఎవరు?"

"వాళ్ళ మునిమనవడి పెళ్ళాం సార్. రొట్టెలు కాలుస్తాండాది" అన్నాడు సుబేదారు.

"అనగా ఒకరి హాజరును మరొకరు వేయుచున్నారు. వంట చేయుచు వేయుచున్నారు. ఇది ప్రాక్సీ."

"సచ్చినోడు యెట్టా పలుకుతాడు సార్?"

"పలకలేనిచో గైర్హాజరుగా నమోదు కావలెను. మరణము గైర్హాజరునకు కారణము కావచ్చును గాని హాజరునకు కారణము కాజాలదు."

కాశింపీరా నా వైపు చూశాడు. నేను ఆ వాక్యంలో తప్పు వెతికాను, దొరకలేదు.

"సార్, పైకప్పు..." అన్నాను మెల్లగా.

"కట్టడములు వేరు విభాగము. మాది కేవలము హాజరు."

మరునాటి నుంచి ముఖ హాజరు మొదలైంది. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు టాబ్లెట్టు ముందు నిలబడి కళ్ళార్పాలి. ముఖం సరిపోతే పచ్చ గడి, లేకపోతే ఎర్ర గడి. బతికున్నవాళ్ళ తిప్పలే తిప్పలు. సుబేదారు మీసం మెలేస్తే ఒక మనిషి, దించితే ఇంకో మనిషి అంది యంత్రం. లాన్స్ నాయక్ బాలగురవయ్యకు యుద్ధంలో ఒక కన్ను పోయింది. ఉన్న కన్ను ఆర్పితే 'అసభ్య ప్రవర్తన' అని నమోదైంది. ఆయన భార్య అది విని, ఈ వయసులో ఇదేం బుద్ధి అని తగులుకుంది. ఇక చనిపోయినవాళ్ళ పేర్లు వచ్చేసరికి టాబ్లెట్టు నిండా ఎరుపే.

పక్షం తిరక్కుండా అమరవీరుల పేరుమీద రిజిస్టరు పోస్టులో నోటీసులు వచ్చాయి. "తాము ఏ విధమైన ముందస్తు అనుమతియు లేక దీర్ఘకాలముగా గైర్హాజరగుచున్నందున, తమపై చర్య ఏల తీసుకొనరాదో వారము దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." చిరునామాదారుడి సంతకం లేనిదే ఇవ్వనని పోస్టుమాను పట్టుబట్టాడు. చివరికి ఆ నోటీసులన్నీ హాల్లో పలకల కింద, ఎవరి పేరు కింద వాళ్ళది పెట్టి, చేతులు దులుపుకుని పోయాడు.

సంజాయిషీలు రాసే పని నా మీద పడింది. నిజం చెప్పొద్దూ, రిటైరయ్యాక అంత హుషారుగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఒక్కొక్క ఇంటివాళ్ళు వచ్చి చెబుతుంటే రాసుకుంటూ పోయాను. సంజన్న మునిమనవడు చెప్పించింది ఇది: "మా తాత బస్రాలోనే ఉండాడు. దారి ఖర్చులు పంపితే వచ్చేదానికి మాకేం అభ్యంతరం లేదు." బర్మాలో పోయిన హవల్దారు ఇంటివాళ్ళు, ఆయన బతికున్నప్పుడు కూడా పిలిస్తే పలికేవాడు కాదనీ, అది ఆయన గుణమే తప్ప ధిక్కారం కాదనీ రాయించారు.

చిదంబరేశ్వరరావు గారు సంజాయిషీలన్నీ ఓపికగా చదివి, సెలవు దరఖాస్తు పెట్టుకుంటే సానుభూతితో పరిశీలిస్తామన్నారు. యాప్ తెరిచి చూస్తే సెలవులకు కారణాల్లో మరణం లేదు. వైద్య సెలవు పెడితే, తిరిగి విధుల్లో చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్టు తేవాలన్నారు. 'విధి నిర్వహణలో ఉన్నారు' అన్న గడి నాకు నచ్చి అందరికీ అదే పెట్టాను. అబద్ధం కాదు కదా. దానికి ఏ రోజుకారోజు ఎక్కడ ఉన్నదీ మ్యాపులో చూపాలన్నారు. దిక్కుతోచక ఒకింటివాళ్ళు, రోజులు ఎక్కువ దొరుకుతాయని, ప్రసూతి సెలవు పెట్టారు. విచిత్రం, అది మంజూరైంది. పెద్ద మీసాల జమేదారు వెంకటసుబ్బన్న ఇప్పటికీ రికార్డులో బాలింతగానే ఉన్నాడు.

నవ్వుకుంటూ ఉండగానే అసలు ఉత్తర్వు వచ్చింది. దీర్ఘకాల గైర్హాజరీదారుల పేర్లు పలకల నుంచి తొలగిస్తారు. వచ్చే సోమవారం రాళ్ళు చెక్కేవాళ్ళు వస్తారు. అంతటితో ఆగలేదు. ఖాళీ అయ్యే స్థానాల భర్తీకి ప్రకటన కూడా జతచేశారు. "అర్హత: క్రమం తప్పని హాజరు. యుద్ధానుభవము ఉన్నచో అదనపు అర్హతగా పరిగణించబడును." ప్రకటన వెలువడిందో లేదో, పక్క మండలంలో మట్టి తోలించే కాంట్రాక్టరు ఒకాయన దరఖాస్తు పెట్టాడు. తన ఇంటికి మా హాలు దగ్గరనీ, దినదినం రాగలననీ, పేరు బంగారు అక్షరాలతో తానే చెక్కించుకుంటాననీ రాశాడు. చిదంబరేశ్వరరావు గారికి ఆ నిబద్ధత నచ్చింది.

ఊరంతా హాల్లో చేరింది. ఉలి ముట్టుకున్నవాడి చేతులు విరుస్తామన్నారు కొందరు. అట్లా చేస్తే సర్కారు పనికి ఆటంకం అవుతుందని నేను ఆపాను. అప్పుడు సంజన్న ఇంటి కోడలు, అదే రొట్టెల కోడలు, చెయ్యి తుడుచుకుంటూ ఒక మాటంది: "ఆ మిషనికి కావాల్సింది మొగం గదా మామా. మా మొగాలు యాడినించొచ్చినాయి? వాళ్ళ నించి రాలేదా?"

అంతే. గోడల మీది పాత ఫోటోలన్నీ దిగాయి. యాప్‌లో ఎక్కించాం. ఏ ఇంట్లో ఎవరి ముఖం ఎవరికి సరిపోతుందో చూడడానికి హాలు ముందు వరసకట్టారు. అది పండగ కాదు గాని పండగలో కూడా నేను అంత నవ్వు చూడలేదు. తొమ్మిదో నెల గర్భిణి పక్కకు తిరిగి నిలబడితే బర్మా హవల్దారుగా పచ్చ గడి పడింది. సంజన్నకు ఆ ఇంటి మగవాళ్ళెవరూ సరిపోలేదు, పదో తరగతి చదివే పిల్ల కాటుకతో మీసం దిద్దుకుని నిలబడితే సరిపోయింది. ఆ పిల్లకు అప్పటినుంచీ ఇంట్లో మర్యాద పెరిగింది. ఒక్కచోట మాత్రం చిక్కొచ్చింది. ఒక సిపాయి ముఖానికి వాళ్ళింట్లో ఎవరూ సరిపోలేదు. ఎదురింటి సోమిరెడ్డి మనవడు మంచినీళ్ళ బిందెతో అడ్డంగా పోతుంటే పచ్చ గడి పడింది. హాలు మొత్తం ఒక్కసారిగా గొంతులు సవరించుకుంది. ఆ రెండిళ్ళవాళ్ళూ ఇప్పుడు ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకోవడం లేదు.

సాయంత్రానికి ఒక్క పేరు తప్ప అన్నీ పచ్చబడ్డాయి. మిగిలింది పాలంకయ్యది. ఆయన ముఖం మోసేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు.

తిరుపాలమ్మ అరుగు దిగి ఇంటికి పోయి, అంతకుముందు యాప్‌లో ఎక్కించిన అద్దం ఫోటోనే మళ్ళీ తెచ్చింది. పెళ్ళయిన కొత్తలో టౌనులోని స్టూడియోలో తీయించుకున్నది. పాలంకయ్య యూనిఫారంలో, నవ్వాలా వద్దా తెలియని ముఖంతో ఉన్నాడు. ఆమె దాన్ని టాబ్లెట్టుకు ఎదురుగా పట్టుకుంది.

"ఫోటో చెల్లదమ్మా" అన్నారు చిదంబరేశ్వరరావు గారు. "కళ్ళార్పవలెను. ఆర్పనివారిని యంత్రము స్వీకరించదు."

"ఆర్పితే తీసుకుంటాదా?"

"తప్పక."

"సోమారం పేరు తీస్తారంటివే, గుర్రప్పా," అంది నాతో, "రాయిమీద గూడా లేకపోతే ఇంగ యాడుండాడని చెప్పుకునేది?"

ఆమె ఫోటోను స్టూలు మీద నిలబెట్టి, తాను టాబ్లెట్టు పక్కకు వచ్చి నిలబడింది. పొద్దు ఆమె ముఖం మీద పడుతోంది. ఫోటో అద్దంలో ఆమె ముఖం కనబడింది. కాస్త వంగింది, కాస్త జరిగింది. అద్దంలో ఆమె కళ్ళు పోయి పాలంకయ్య కళ్ళ మీద కుదురుకున్నాయి. అట్లా ఆయన్నే చూస్తూ కళ్ళార్పింది.

పచ్చ గడి పడింది. 'సిపాయి పాలంకయ్య: హాజరు' అంది యంత్రం.

హాలు దద్దరిల్లింది. సుబేదారు ఏడుస్తూ నవ్వాడు. చిదంబరేశ్వరరావు గారు టాబ్లెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, నిబంధనలో ఎక్కడా అద్దం గురించి లేదని ఒప్పుకున్నారు. నియమం పాటించినవాళ్ళను చూస్తే ఆయనకు ముచ్చట, అది ఎందుకు కాదనాలి.

సోమవారం ఉలి రాలేదు. మేము గెలిచామనుకున్నాం. సర్కారు రికార్డులన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయన్న సంగతి మరిచిపోయాం. మిగతా అమరులు మరీ పాతవాళ్ళు, వాళ్ళ నంబర్లు ఏ శాఖలోనూ లేవు. పాలంకయ్యకు మాత్రం భార్య పింఛను కాగితాల్లో ఉంది. హాల్లో హాజరైనవాడు బతికున్నాడన్న సంగతి అన్ని శాఖలకూ పాకింది. మొదట ఓటరు కార్డు వచ్చింది. తర్వాత రేషన్లో ఒక మనిషి బియ్యం పెరిగాయి. ఫోటోలో ఇరవై దాటిన కుర్రవాడిలా ఉన్నాడు కాబట్టి, నిరుద్యోగ యువకుల శిక్షణకు ఎంపికయ్యారనీ, బయోడేటాతో రావాలనీ పిలుపు వచ్చింది. ఊళ్ళోవాళ్ళు తిరుపాలమ్మను ఆటపట్టించారు. "వదినా, మాయన్నకు ఉద్యోగం వచ్చిందంటనే!" అని. ఆమె కూడా నవ్వింది.

ఆ తర్వాత వచ్చిన కాగితం నేనే చదివి వినిపించాను. "మీ భర్త జీవించి యున్నట్లు ధ్రువపడినందున, మీరు వితంతువు కారని నిర్ణయించి, మీ కుటుంబ పింఛను తక్షణమే నిలుపుదల చేయడమైనది."

చిదంబరేశ్వరరావు గారే స్వయంగా వచ్చి మార్గం చెప్పారు. ఆయనది చెడ్డ మనసు కాదు. రెండు కాగితాలు తెచ్చారు.

"అమ్మా, ఇందు రెండు ప్రత్యామ్నాయములు కలవు. హాజరు అసత్యమని వ్రాసియిచ్చినచో పింఛను పునరుద్ధరింపబడును, పేరు తొలగింపబడును. హాజరు సత్యమని వ్రాసియిచ్చినచో పేరు నిలుచును, పింఛను నిలిచిపోవును. ఏకకాలమున ఒక వ్యక్తి ఉండుట, లేకుండుట రెండును మండలి నియమావళికి విరుద్ధము."

"పేరుదేముందే వదినా," అన్నాను నేను. "పింఛనీ తీసుకో. ఆ పేరు మేం మనసులో పెట్టుకుంటాం."

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది. రెండో కాగితం మీద వేలిముద్ర వేసి, లేచి ఇంటికి పోయింది.

మరునాడు ఉదయం ఊరు ఊరంతా గుమ్మాల్లో నిలబడిపోయింది. తిరుపాలమ్మ నొసట ఇంత కుంకుమ బొట్టు పెట్టుకుని, చేతినిండా ఆకుపచ్చ గాజులు వేసుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని బస్సుకోసం నడిచి వస్తోంది. పక్కన సుబేదారు భార్య ఖైరూన్ బీ. ఆ గాజులు, పూలు తెచ్చింది ఆమేనట. ఎవరూ ఒక్క మాట అనలేదు. సర్కారే బతికున్నాడని రాసిచ్చాక అనడానికి ఎవరికి హక్కుంది?

మేమూ బస్సెక్కాం. జిల్లా టౌనులో మండలి ఆఫీసు. చిదంబరేశ్వరరావు గారి బల్ల ముందుకు పోయి ఆమె కాగితం పెట్టింది.

"మాయన బతికుండాడని మీరే రాసినారు గదా. యాడుండాడు? పిల్చుకపోదామని వచ్చినా."

చిదంబరేశ్వరరావు గారు బొట్టు వైపు చూశారు, కాగితం వైపు చూశారు. "అమ్మా, మా శాఖ వద్ద హాజరు మాత్రమే కలదు. మనిషి లేడు."

"మనిషి లేకుండా హాజరెట్టా వచ్చింది నాయనా? మా హాల్లో మేం పలికితే తప్పంటిరే?"

ఆయన పక్క బల్లవాళ్ళ వైపు చూశారు. పక్క బల్లవాళ్ళు ఫైళ్ళలో దూరారు.

"నేనేం తొందరపెట్టను," అని ఆమె బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. "ఇన్నేండ్లు అరుగు మీద కూసున్నా. ఈడ కుర్చీ ఉండాది, ఫ్యానుండాది. వచ్చిందాకా కూసుంటా."

కూర్చుంది. అటెండరు టీ తెచ్చాడు, తాగింది. ఆఫీసు పనిచెయ్యడం మొదలుపెట్టింది, అది పనిచెయ్యగా నేను చూడడం అదే మొదలు. మనిషి ఆచూకీ తెలపమని రైల్వేకు రాశారు, ఓటర్ల జాబితావాళ్ళకు రాశారు, శిక్షణ కేంద్రానికి రాశారు. శిక్షణ కేంద్రం వెంటనే జవాబిచ్చింది: సదరు అభ్యర్థి మొదటి వారం తరగతులకు సక్రమంగా హాజరైనట్టు తమ రికార్డులో ఉందట. పై అధికారి ఫోను చేసి, అంత క్రమశిక్షణ గలవాడిని తక్షణం తన ముందు ప్రవేశపెట్టమన్నాడు. చిదంబరేశ్వరరావు గారికి చెమటలు పట్టాయి. చివరికి ఆయన చేతులు జోడించారు.

"అమ్మా, పొరపాటు జరిగినది. పేరును ఉంచెదము, పింఛను ఇచ్చెదము. మృతవీరులు శాశ్వత ప్రాతిపదికన హాజరైనట్లే భావింపబడుదురని ఇప్పుడే ఉత్తర్వు వెలువరించెదను. మీరు దయచేసి ఇంటికి వెళ్ళుడు."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. తిరుపాలమ్మ కదల్లేదు.

"అంటే సచ్చిపొయ్యినాడనేనా?"

"సదరు వ్యక్తి యొక్క శాశ్వత..."

"నాయనా, నేను చెప్పేది ఇను. యుద్ధమప్పుడు తంతి వచ్చింది. కనబల్లేదన్నారు. మళ్ళా చానా దినాలకు ఒక కాయితం వచ్చింది. సచ్చిపొయ్యినట్టు అనుకుంటాండామని రాసినారంట. అనుకుంటాండారంట! ఊళ్ళో ముసలోళ్ళు అది చదివించుకుని నా బొట్టు తుడిచినారు. సచ్చిపొయ్యినాడని నా ఎదురుగా నిలబడి సర్కారోళ్ళు యెవురూ ఇంతవరకు చెప్పలా. ఇప్పుడు బతికుండాడంటిరి. మళ్ళా లేదంటాండారు. కాయితం వద్దు నాకు. నువ్వు చెప్పు."



"సిపాయి పాలంకయ్య గారు విధి నిర్వహణలో అసువులు..." అని మొదలుపెట్టారాయన.

"అట్టా కాదు."

"దేశము కొరకు వీరస్వర్గము..."

"అట్టా గూడా కాదు నాయనా. ఇంట్లో మనిషికి చెప్పినట్టు చెప్పు."

చిదంబరేశ్వరరావు గారు లేచారు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డారు. ఏం చేసుకోవాలో తెలియని చేతులు వెనక్కి పెట్టుకున్నారు, మళ్ళీ ముందుకు తెచ్చుకున్నారు. ఆయన నోట మామూలు తెలుగు వినడం మాకందరికీ అదే మొదటిసారి.

"అమ్మా, మీ ఆయన చనిపోయాడమ్మా. ఇక రాడు."

తిరుపాలమ్మ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పడుచుపిల్ల ఏడ్చినట్టు, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా ఏడ్చింది. ఎవరూ చెప్పకుండానే ఆఫీసులోవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. పటాలంలో ఎన్నో వందనాలు చేశాను గాని, అన్నీ ఆర్డరు మీద చేసినవే.

తిరుగు బస్సులో ఊరు దగ్గరపడుతుండగా ఖైరూన్ బీ మెల్లగా అంది: "అక్కా, ఊళ్ళోకి పొయ్యేలోగా ఆ బొట్టు... పెద్దోళ్ళు యేమన్నా అంటారేమో."

తిరుపాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, బొట్టుకు తగలకుండా.

"అప్పుడు నన్నడక్కుండా వాళ్ళు తుడిచినారు గదా. ఇది నాది. నాకు బుద్ధి పుట్టినప్పుడు నేనే తుడుచుకుంటా."

ఆమెకు ఇంకా బుద్ధి పుట్టలేదు.